టర్బైన్ జెట్ మోడల్ బిగించడం, తూకం సరిచూడడం: మొదటిసారి చేసేవారి కోసం

"జెట్ బిగింపు అయిపోయిందండీ. ఎత్తి చూస్తే తోక బరువుగా ఉంది. ముక్కులో ఎంత సీసం పెట్టమంటారు?"

ఒకసారి విజయవాడ నుంచి, ఇంకోసారి గుంటూరు నుంచి, ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. టర్బైన్ జెట్ అంటే రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానం. దాని కడుపులో కిరోసిన్‌తో నడిచే నిజమైన చిన్న జెట్ ఇంజను ఉంటుంది, దాన్నే టర్బైన్ అంటాం. తూకం చివరి రోజు చూసుకునే పని కాదు. టర్బైన్ ఎక్కడ, ట్యాంకు ఎక్కడ, బ్యాటరీలు ఎక్కడ అని పెన్సిలుతో గీత గీసిన రోజే సగం తూకం తేలిపోతుంది. ఆ రోజు చేసిన పొరపాటుకు తర్వాత కట్టే జరిమానాయే ముక్కులోని సీసం. దాన్ని ఎగిరిన ప్రతిసారీ మోయాలి, దిగిన ప్రతిసారీ ముందు చక్రం భరించాలి.

ప్రొపెల్లర్ మోడళ్లనో, ఎలక్ట్రిక్ ఫ్యాన్ జెట్‌లనో ఫ్లాపులు (దిగేటప్పుడు రెక్క వెనక కిందికి వంగే పలకలు), ముడుచుకునే చక్రాలతో కనీసం రెండేళ్లు ఎగరేసినవారికి ఈ వ్యాసం పనికొస్తుంది. ఇంకా ఆ దశకు రానివారు దయచేసి టర్బైన్ కొనకండి. పది కిలోల బరువు, గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగం, కడుపులో రెండు లీటర్లకు పైగా కిరోసిన్. తప్పు జరిగితే నష్టం మీ ఒక్కరితో ఆగదు.

లెక్కలు అర్థం కావడానికి ఒకే మోడల్‌ను మొదటి నుంచి చివరి వరకు ఉదాహరణగా తీసుకుంటాను: రెక్కల మొత్తం పొడవు 1800 మిల్లీమీటర్లు, ఇంధనం లేకుండా బరువు 10.5 కిలోలు, 100 న్యూటన్ల టర్బైన్, అంటే సుమారు పది కిలోల తోపు.

ముందుగా అనుమతి సంగతి

డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 25 కిలోలు మించకుండా, చదువు, పరిశోధన, సరదా కోసం, కంటికి కనబడే దూరంలోనే ఎగిరేవి మోడల్ తరగతిలోకి వస్తాయి. అంతమాత్రాన ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో మీ స్థలం ఏ రంగులో ఉందో వెళ్లే రోజునే చూడండి. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల, అమరావతి సచివాలయం వైపు ఈ పని పెట్టుకోవద్దు. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి ఉంచితే ఊరివాళ్లు కంగారుపడి ఫోను చేసినా ఇబ్బంది రాదు.

కావలసినవి

టర్బైన్, దాని ఈసీయూ (టర్బైన్‌ను అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె), పంపు, వాల్వులు సాధారణంగా ఒకే పెట్టెలో వస్తాయి. వాటికి తోడు ఇవి సిద్ధం చేసుకోండి:

- 10 కిలోల దాకా తూచే, ఒక్క గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ తూకాలు మూడు. మూడూ ఒకే రకం అయితే మంచిది.
- రసమట్టం, టేపు, తాపీ మేస్త్రులు గోడ నిలువు చూసుకునే గుండు, దారం.
- 30 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు, బోల్టులను పట్టి ఉంచే థ్రెడ్ లాకర్, నైలాన్ నట్లు.
- కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక సిలిండర్. పొడి చల్లే రకం వద్దు. ఆ పొడి టర్బైన్ లోపలికి వెళ్లిందంటే ఇంజను సర్వీసుకే.
- చెవులకు రక్షణ, కొలత పాత్ర, పారదర్శకమైన ఇంధన గొట్టం.
- సహాయకుడు ఒకరు. ఒంటరిగా టర్బైన్ స్టార్ట్ చేయకూడదు.

తూకాలు కొనగానే నమ్మవద్దు. కిరాణా దుకాణంలో తూనికల శాఖ ముద్ర పడిన రెండు కిలోల రాయి ఉంటుంది. ఐదు నిమిషాలు అడిగి తీసుకుని మూడు తూకాల మీదా పెట్టి చూడండి. ఏ తూకం ఎన్ని గ్రాములు తప్పు చూపిస్తోందో దాని మీదే మార్కర్‌తో రాయండి.

1. కాగితం మీద గురుత్వ కేంద్రం

గురుత్వ కేంద్రాన్నే పొట్టిగా సీజీ అంటాం, విమానం బరువంతా సమంగా తూగే చోటు అది. కిట్ కంపెనీ చెప్పిన సీజీ అంకె ఉంటే అదే ప్రమాణం. అయినా మీరూ ఒకసారి లెక్కగట్టి పోల్చండి. కొలత ఎక్కడి నుంచి తీసుకోవాలో సరిగ్గా అర్థం చేసుకోక పొరపాటు పడినవారిని నేను చూశాను.

మామూలు ఆకారపు రెక్కకు సగటు వెడల్పు ఇలా వస్తుంది. రెక్క మొదలు వెడల్పు 420, కొస వెడల్పు 180 అనుకుందాం. రెండూ కూడితే 600. రెండూ గుణించి ఆ 600తో భాగిస్తే 126. 600 నుంచి 126 తీసేస్తే 474. అందులో మూడింట రెండు వంతులు 316 మిల్లీమీటర్లు. అదీ సగటు వెడల్పు.

ఈ వెడల్పు బాడీ మధ్యగీత నుంచి ఎంత దూరంలో ఉంటుంది? సగం రెక్క 900. దాన్ని మూడుతో భాగిస్తే 300. మొదలు వెడల్పుకు కొస వెడల్పును రెండుసార్లు కలిపితే 780, దాన్ని 600తో భాగిస్తే 1.3. 300ను 1.3తో గుణిస్తే 390 మిల్లీమీటర్లు. రెక్క ముందు అంచు కొస దగ్గర 200 మిల్లీమీటర్లు వెనక్కి వాలి ఉంటే, 390 దగ్గర ఆ వాలు సుమారు 87. సగటు వెడల్పులో 25 శాతం 79. రెండూ కలిపితే 166. అంటే రెక్క ముందు అంచు మొదలు నుంచి 166 మిల్లీమీటర్లు వెనక సీజీ ఉండాలి. తోక ఉన్న మామూలు జెట్‌కు మొదటిసారి ఇది సురక్షితమైన చోటు. త్రికోణపు రెక్కలకు, ముందువైపు చిన్న రెక్కలున్న వాటికి ఈ లెక్క పనికిరాదు. వాటికి కంపెనీ అంకెనే పట్టుకోండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు: "మొదలు" అంటే బాడీ పక్కన కనిపించే చోటు అనుకోవడం. ఈ లెక్కలో రెక్క అంచులను బాడీ మధ్యగీత దాకా ఊహలో పొడిగించాలి. వాలు రెక్కకు ఈ రెండు చోట్ల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉండవచ్చు. ఆ రెండు సెంటీమీటర్లే విమానాన్ని కూల్చడానికి చాలు.

ఇక పెద్ద కాగితం మీద బాడీ గీసి, టర్బైన్, ట్యాంకులు, బ్యాటరీలు, రిసీవర్, పంపు ఒక్కొక్కటీ తూచి బరువు రాసి చోటు గుర్తించండి. పెద్ద ట్యాంకు మధ్యభాగం సీజీ గీత మీదో, కొద్దిగా ముందో పడేలా చూడండి. బ్యాటరీలకు ఇప్పుడే చోటు ఖాయం చేయకండి. ముక్కు నుంచి రెక్క దాకా జరుపుకోవడానికి వీలుగా ప్లైవుడ్ పలక ఒకటి పొడుగ్గా అమర్చుకోండి. తర్వాత మిమ్మల్ని సీసం నుంచి కాపాడేది ఆ పలకే.

2. టర్బైన్, పైపు

టర్బైన్ కూర్చునే పట్టాల్లోకి చెక్క స్క్రూలు బిగించకండి. వేడికీ అదురుకీ వదులైపోతాయి. పట్టా కిందివైపు టీ నట్లు (చెక్కలో దిగబడే పళ్లున్న నట్లు) పెట్టి ఎం4 బోల్టులు వాడండి.

టర్బైన్ నాజిల్‌కూ (వేడి గాలి బయటికొచ్చే మూతి), ఆ గాలిని తోక దాకా తీసుకెళ్లే పైపు గరాటు మూతికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఇంజను పుస్తకంలో ఉంటుంది. అంతే ఉంచండి. రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని చూడడానికి తోక వైపు నుంచి టార్చి వేసి పైపులోకి ఒక కన్నుతో చూడండి. టర్బైన్ శంకువు చుట్టూ ఉన్న నల్లటి వలయం అన్నివైపులా ఒకే మందంలో కనిపించాలి. ఒకవైపు సన్నబడితే టర్బైన్ వంకరగా ఉన్నట్టే. పైపును ముందువైపే బిగించండి, వెనక కొస స్వేచ్ఛగా జరగాలి. వేడెక్కితే పైపు పొడవు పెరుగుతుంది. రెండు కొసలూ బిగిస్తే అది బాడీనే నెడుతుంది.

టర్బైన్ పెట్టేముందు బాడీ లోపల వాక్యూమ్ క్లీనర్ పెట్టి శుభ్రం చేయండి. అక్కడితో ఆపకండి. కింద న్యూస్ పేపరు పరిచి, బాడీని బోర్లించి అరచేత్తో గట్టిగా తట్టండి. నా రెండో జెట్ మీద వాక్యూమ్ రెండుసార్లు తిప్పాక, అంతా శుభ్రమే కదా అనుకుంటూ మూడోసారి తట్టాను. టక్‌మని కాగితం మీద ఒక మూడు మిల్లీమీటర్ల వాషర్ పడింది. అది గాలి దారిలోకి వెళ్లి ఉంటే కంప్రెసర్ చక్రం రెక్కలన్నీ ఒక్క క్షణంలో పోయేవి. ఇప్పటికీ కాగితం మీద వరసగా మూడుసార్లు ఏమీ పడకపోతేనే నేను టర్బైన్ బిగిస్తాను. గాలి మూతికి కంపెనీ ఇచ్చే జల్లెడ కూడా తప్పనిసరి.

కొందరు ఇంకో ప్రశ్న అడుగుతారు: టర్బైన్ చక్రాన్ని ఆటోనగర్‌లో క్రాంక్ బ్యాలెన్సింగ్ చేసేవారి దగ్గర సరిచేయించవచ్చా? వద్దు. ఆటోనగర్ పనివాళ్ల నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం. నా పైపు బిగింపు పట్టీలు అక్కడి లేత్ మీద తయారైనవే. కానీ ఈ చక్రం నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. దాని సమతౌల్యం మిల్లీగ్రాముల్లో సరిచూడాలి, అందుకు వేరే యంత్రం కావాలి. శబ్దం మారినా, ఆపిన తర్వాత చక్రం త్వరగా ఆగిపోతున్నా కంపెనీ సర్వీసుకే పంపండి. చాలా కంపెనీలు ఎలాగూ 25 గంటలకొకసారి పంపమంటాయి.

3. ఇంధనం

కిరోసిన్ లేదా విమాన ఇంధనం, అందులో 5 శాతం టర్బైన్ ఆయిల్. ఐదు లీటర్లకు 250 మిల్లీలీటర్లు. బేరింగులకు నూనె అందేది ఈ ఇంధనం నుంచే, కాబట్టి కంటి అంచనాతో కలపవద్దు, కొలత పాత్రతోనే కలపండి. డీజిల్, టూ స్ట్రోక్ ఆయిల్ మీ ఇంజనుకు పనికొస్తాయో లేదో దాని పుస్తకం చూసి తేల్చుకోండి. రేషన్ నీలి కిరోసిన్ ఇళ్ల కోసం ఇచ్చేది, దాని జోలికి పోవద్దు.

ట్యాంకును అమర్చేముందే లీకు పరీక్ష చేయండి. ఒక గొట్టం తప్ప మిగతావన్నీ మూసి, నీళ్ల బకెట్‌లో ముంచి నోటితో మెల్లగా ఊదండి. బుడగ వస్తే మూత మళ్లీ బిగించండి. ట్యాంకు లోపల ఇంధనం పీల్చే, కొసన బరువున్న మెత్తటి గొట్టం అన్ని మూలలకూ అందాలి, వెనక గోడకు అతుక్కుపోకూడదు.

ఇంధనం వెళ్లే వరస ఇది: పెద్ద ట్యాంకు, గాలి బుడగలను ఆపే చిన్న ట్యాంకు, చేత్తో మూసే కుళాయి, ఫిల్టరు, పంపు, వాల్వు, టర్బైన్. బుడగలు ఆపే ప్రత్యేక ట్యాంకు ఖరీదు అనిపిస్తే 100 మిల్లీలీటర్ల మామూలు చిన్న ట్యాంకు నిండుగా నింపి వాడుకోవచ్చు. కానీ ప్రతిసారీ దానిలో గాలి లేదని కంటితో చూసుకోవాలి. గొట్టం కొసలను కత్తెరతో కాక కొత్త బ్లేడుతో నిటారుగా కోయండి. వంకరగా కోస్తే పంపు పీల్చేవైపు గాలి లోపలికి వస్తుంది. అక్కడ ఇంధనం బయటికి కారదు కాబట్టి ఆ లోపం బయటికి కనబడదు. ట్యాంకుకు గాలి వచ్చే గొట్టం మూసుకుపోతే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది, గాలిలోనే ఇంజను ఆగుతుంది.

హెచ్చరిక: గొట్టంలో మొదటిసారి ఇంధనం నింపేటప్పుడు టర్బైన్ వైపు కొసను ఊడదీసి కొలత పాత్రలో పెట్టండి. కొత్తగా చేసేవారు దీన్నే మరిచిపోతారు. ఊడదీయకుండా పంపు నడిపితే కిరోసిన్ టర్బైన్ కడుపులో చేరుతుంది. తర్వాత స్టార్ట్ చేస్తే తోక నుంచి బారెడు మంట వస్తుంది. ఇంధనం నిండిందని అనుమానం వస్తే స్టార్ట్ చేయకుండా, పుస్తకంలో చెప్పిన దిశలో వంచి పూర్తిగా కారనివ్వండి.

సరిచూడడం: ఆ కొస ఇంకా కొలత పాత్రలోనే ఉండగా పంపును తక్కువ వేగంలో ఒక నిమిషం నడిపి పారదర్శక గొట్టం మీద చూపు నిలపండి. వెనక తెల్ల కాగితం పెడితే ఆవగింజంత బుడగ కూడా కనబడుతుంది. నిమిషంలో ఒక్కటి కనబడినా ప్రతి కలయికనూ మళ్లీ చూడండి.

4. కరెంటు, సర్వోలు

ఈసీయూకు ప్రత్యేక బ్యాటరీ, రిసీవర్‌కు రెండు బ్యాటరీలు. ఒకదాన్ని ఇంకోదానితో పంచుకోనివ్వకండి. ఈసీయూకు ట్రాన్స్‌మిటర్‌తో మూడు స్థానాలు నేర్పాలి: స్టిక్ కింద ట్రిమ్ (స్టిక్ పక్కనుండే చిన్న సర్దుబాటు మీట) కింద ఉంటే ఆగిపోవడం, స్టిక్ కింద ట్రిమ్ పైన ఉంటే మంద వేగం, స్టిక్ పైన ఉంటే పూర్తి వేగం. తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపేసి ఈసీయూ తెరమీద ఏం కనిపిస్తోందో చూడండి. సిగ్నల్ పోతే టర్బైన్ ఆగిపోవాలి. చివరి స్థానంలోనే నిలిచిపోయేలా ఉంటే అది అత్యంత ప్రమాదకరం, ముందు దాన్ని మార్చండి.

సర్వోల (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్ల) గురించి ఒక్క మాట. లోహపు పళ్లచక్రాలున్నవే వాడండి. ప్రతి కదిలే పలకనూ రెండు వేళ్లతో పట్టి ఊపండి. సర్వోకూ పలకకూ మధ్య లింకులో వదులు తెలిస్తే, జెట్ వేగంలో ఆ పలక అదిరి ఊడిపోతుంది.

మే నెలలో బ్యాటరీలతో సహా మోడల్‌ను కారు డిక్కీలో వదలకండి. బెజవాడ ఎండలో మూసిన కారు లోపల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఉబ్బుతాయి, కొన్ని జిగుర్లు మెత్తబడతాయి.

5. తూకం

దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. ఫ్యాను ఆపేయండి. రెక్కల మీద ఫ్యాను గాలి పడితే తూకం అంకెలు ఆడుతూనే ఉంటాయి.

మోడల్ స్థితి ఇలా ఉండాలి: పెద్ద ట్యాంకు ఖాళీ, బుడగల ట్యాంకు నిండుగా, చక్రాలు కిందికి, క్యానపీ (పైలట్ మీది మూత), మిగతా మూతలు, బొమ్మ పైలట్, చివరి స్క్రూతో సహా అన్నీ వాటి చోట్లలో. అంటే ఇంధనం అయిపోయి దిగడానికి వస్తున్న జెట్ ఎలా ఉంటుందో అలా. పెద్ద ట్యాంకు సీజీకి ముందు ఉన్న మోడల్ తోక బరువెక్కేది ఆ క్షణంలోనే, మీరు వేగం తగ్గించేదీ అప్పుడే. ట్యాంకు సీజీకి వెనక ఉన్న మోడల్ అయితే ఇంధనం నిండుగా ఉన్నప్పుడు కూడా చూడాలి.

మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టండి. విమానం నేరుగా ఎగిరేటప్పుడు ఉండే మట్టానికి వచ్చేదాకా తూకాల కింద పలకలు వేయండి. రసమట్టాన్ని బాడీ మీద కాక, కంపెనీ చెప్పిన ఆధార గీత మీద పెట్టండి. ఈ మెట్టును తేలిగ్గా తీసుకోకండి. గురుత్వ కేంద్రం నేల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న మోడల్‌కు ముక్కు రెండు సెంటీమీటర్లు పైకి లేచి ఉంటే, మన ఉదాహరణలో లెక్క 6 మిల్లీమీటర్లు తప్పుతుంది.

మోడల్‌ను తూకాల మీద పెట్టాక ఒకసారి మెల్లగా నొక్కి వదలండి, చక్రాల స్ప్రింగులు సర్దుకుంటాయి. ఆ తర్వాతే ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రాల ఇరుసు దాకా దూరం కొలవండి. గాల్లో ఎత్తి పట్టుకుని కొలిచిన దూరం వేరు.

మన ఉదాహరణలో వచ్చినవి: ముందు చక్రం 1.20 కిలోలు, ఎడమ 4.62, కుడి 4.68. మొత్తం 10.50. ఇరుసుల మధ్య దూరం 780 మిల్లీమీటర్లు.

ముందు చక్రం బరువును ఇరుసుల దూరంతో గుణించి మొత్తం బరువుతో భాగించండి. 1.20ను 780తో గుణించి 10.50తో భాగిస్తే 89. అంటే వెనక చక్రాల ఇరుసుకు 89 మిల్లీమీటర్లు ముందు సీజీ ఉంది. ఇప్పుడు రెక్క ముందు అంచు మొదలు నుంచి గుండు దారం నేలకు వదిలి, అక్కడి నుంచి ఇరుసుకు దూరం కొలవండి. 267 వచ్చిందనుకుందాం. 267 నుంచి 89 తీసేస్తే 178. మనకు కావలసింది 166. కాబట్టి ఈ జెట్ 12 మిల్లీమీటర్లు తోక బరువు.

అంకె వచ్చాక కూడా రెండో పద్ధతిలో సరిచూడండి. రెక్క కింద 166 గీత దగ్గర రెండువైపులా మెత్తటి స్పాంజి అంటించిన ఆధారాలు పెట్టి, సహాయకుడు తోక దగ్గర చేయి ఉంచగా మెల్లగా వదలండి. కింది రెక్క మోడల్ అయితే బోర్లించి చూడాలి, లేకపోతే ఆధారం బరువు కంటే కింద ఉండి ఎటో ఒకవైపు ఒరిగిపోతూనే ఉంటుంది. రెండు పద్ధతుల మధ్య 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడో కొలత తప్పింది. దాన్ని కనుక్కునేదాకా ఎగరేయకండి.

6. బరువు జరపడం, తప్పకపోతే కలపడం

మొత్తం బరువును జరగాల్సిన దూరంతో గుణించండి. 10,500 గ్రాములను 12తో గుణిస్తే 1,26,000. జరిపే వస్తువు బరువుతో దాన్ని భాగిస్తే ఎంత దూరం జరపాలో వస్తుంది. రిసీవర్ బ్యాటరీలు రెండూ కలిపి 300 గ్రాములు. 420 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే చాలు, ఒక్క గ్రాము కూడా పెరగదు. మొదట అమర్చుకున్న పొడుగాటి పలక ఇప్పుడు అక్కరకొస్తుంది.

జరపడానికి చోటే లేకపోతే సీసం. ముక్కులో, కావలసిన సీజీకి 650 మిల్లీమీటర్లు ముందు పెడితే 1,26,000ను 650తో భాగించాలి, 194 గ్రాములు. సీసాన్ని టేపుతో కట్టకండి. బోల్టుతో బిగించండి. గట్టిగా దిగినప్పుడు ఊడి బ్యాటరీల మీద పడితే నష్టం పెద్దది.

ఇంకో రెండు లెక్కలు వేసి ఉంచుకోండి. మొదటిది ఇంధనం. రెండున్నర లీటర్లు అంటే సుమారు 2 కిలోలు. ట్యాంకు మధ్యభాగం సీజీకి 40 మిల్లీమీటర్లు ముందుంటే, నిండు ట్యాంకుతో 12.5 కిలోల విమానానికి సీజీ 6 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఎగిరేటప్పుడు ముక్కు కాస్త బరువు, దిగేటప్పుడు సరైన చోటు. ఇది మంచి అమరిక. రెండోది చక్రాలు. 250 గ్రాముల ముందు చక్రం వెనక్కి ముడుచుకుని దాని బరువు 150 మిల్లీమీటర్లు జరిగితే, సీజీ మూడున్నర మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తుంది. మీ మోడల్ సీజీ హద్దుకు దగ్గరగా ఉంటే ఇది చిన్న అంకె కాదు.

పక్కల తూకం: కుడివైపు 60 గ్రాములు ఎక్కువ. చక్రం మధ్యగీత నుంచి 300 దూరంలో ఉంటే 60ని 300తో గుణించి, రెక్క కొస దూరం 900తో భాగించండి, 20 గ్రాములు. ఎడమ రెక్క కొసన అంత చాలు. ముందుగా పది రూపాయల నాణేలను టేపుతో అంటించి చూడండి. ఒక్కొక్కటి 8 గ్రాములకు కాస్త తక్కువ. సరిపోయాక వాటి స్థానంలో సీసం లోపల బిగించండి.

7. నేల మీద మొదటి స్టార్ట్

ముక్కు గాలికి ఎదురుగా. వెనక నుంచి గాలి కొడితే వేడి లోపలికి తిరిగి వస్తుంది, టర్బైన్ కాలిపోతుంది. మోడల్‌ను గట్టి మేకుకు కట్టండి. వెనక, పక్కల ఇంజను పుస్తకంలో చెప్పినంత దూరం దాకా ఎవరూ ఉండకూడదు. చక్రం తిరిగే వరసలో పక్కన ఎవరూ అసలే నిలబడకూడదు. సహాయకుడి చేతిలో సిలిండర్, పిన్ను తీసి సిద్ధంగా.

మంద వేగంలో రెండు నిమిషాలు, సగం వేగంలో ఒక నిమిషం, తర్వాత పూర్తి వేగం. ఉష్ణోగ్రత పుస్తకంలోని హద్దు దాటితే వెంటనే ఆపండి. ఆపిన తర్వాత ఈసీయూ తనంతట తానే చక్రాన్ని తిప్పి చల్లబరుస్తుంది. అది పూర్తయ్యేదాకా బ్యాటరీ ఊడదీయకండి.

మేకుకూ మోడల్‌కూ మధ్య సామాన్లు తూచే కొక్కెం తూకం కడితే తోపు ఎంతో తెలుస్తుంది. వేసవిలో పది కిలోలు రాకపోతే కంగారు పడవద్దు. పుస్తకంలో అంకె 15 డిగ్రీల గాలికి. 40 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ, తోపూ ఆ మేరకైనా తగ్గుతుంది. మధ్యాహ్నం కాక తెల్లవారి ఎగరేయండి.

8. మొదటి ఎగురుడు, గాలిలో సరిచూడడం

గట్టి తారు రోడ్డు 150 మీటర్లయినా ఉండాలి. గుంటూరు వైపు నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే అతుక్కుంటుంది. రెండింటిలోనూ ముందు చక్రం విరుగుతుంది. వరి కోతల తర్వాత గడ్డివాములున్న చోట్లకు, మిరపకాయలు ఆరబోసిన కల్లాల దగ్గరికి వెళ్లవద్దు. వేడి టర్బైన్ ఎండుగడ్డిలో పడితే ఒక రైతు ఏడాది కష్టం బూడిద అవుతుంది. నాకు ఈ విషయంలో రాజీ లేదు. అలాంటి చోట అన్ని అనుమతులూ ఉన్నా నేను ఎగరేయను.

టైమరు ఐదు నిమిషాలకు పెట్టండి. ఎత్తుకు వెళ్లి ట్రిమ్ సరిచేశాక చక్రాలు, ఫ్లాపులు దించి వేగం మెల్లగా తగ్గించండి. ముక్కు మెత్తగా కిందికి వాలితే మంచిది. ముక్కు పైకి లేస్తూ ఒక రెక్క మీద పడిపోబోతే సీజీ వెనక ఉంది. వెంటనే వేగం పెంచి, పొడవైన దారిలో వేగంగా దించేయండి. దిగాక 5 మిల్లీమీటర్లు ముందుకు జరపండి.

అంతా సవ్యంగా ఉంటే రెండో ఎగురుడులో సగం వేగంతో తలకిందులుగా నేరుగా నడపండి. ముక్కు నిలపడానికి స్టిక్‌ను కాస్త ముందుకు నెట్టాల్సి వస్తే సరిగ్గా ఉంది. చాలా నెట్టాల్సి వస్తే ముక్కు బరువు. అసలు నెట్టకుండానే పైకి పోతుంటే తోక బరువు.

దిగిన తర్వాత మిగిలిన ఇంధనాన్ని పంపుతో కొలత పాత్రలోకి తీయండి. రెండున్నర లీటర్ల ట్యాంకులో అర లీటరుకు పైగా మిగలాలి. తక్కువ మిగిలితే టైమరు తగ్గించండి. సీజీని మార్చాలనిపిస్తే ఒకసారికి 3 మిల్లీమీటర్లకు మించి జరపకండి. జరిపిన ప్రతిసారీ మూడు తూకాల మీద మళ్లీ పెట్టి, మూడు అంకెలూ తేదీతో సహా క్యానపీ లోపలివైపు రాయండి. వచ్చే ఏడాది బ్యాటరీ మార్చిన రోజున, పాతదాని కంటే అది 80 గ్రాములు తేలికైతే, ఏం చేయాలో ఆ అంకెలు చెబుతాయి.